నీడక్క ఊపిరి

మా ఆవిడ ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం నాకిప్పటికీ చేతకాదు. టీచరు అందామంటే, పాఠాలు చెప్పగా నేనెప్పుడూ చూడలేదు. ఆయా అన్నానంటే ఆ పూట నాకు ఇంట్లో టీ చుక్క దొరకదు. అందుకని "వెనకాల నిలబడుతుందండీ, అదే ఆవిడ ఉద్యోగం" అని ఊరుకుంటాను. వేళాకోళంలా వినిపిస్తుంది గానీ అది నిజమే. మాట రాని, చేతులు స్వాధీనంలో లేని, ఒక చిన్న పని పట్టుబడడానికి నెలలు పట్టే పెద్ద పిల్లలను ప్రత్యేక పాఠశాలవాళ్ళు నిజమైన పనిచోట్లకే పంపించి పని నేర్పిస్తారు. మొక్కల నర్సరీకో, అట్టపెట్టెల గోదాముకో, హోటల్లో గిన్నెలు కడిగేచోటికో పంపుతారు. వాళ్ళ వెంట మా ఆవిడ వెళ్తుంది. మొదట పిల్ల చేతిమీద తన చెయ్యి వేసి చేయిస్తుంది. కొన్నాళ్ళకు మణికట్టు మీద ఒక్క వేలు ఉంచుతుంది. తర్వాత అదీ తీసేసి వెనక్కి జరుగుతుంది. అలా జరిగి జరిగి గుమ్మం దాటిపోతే అప్పుడు పని నేర్పినట్టు లెక్క. వెళ్ళిన ప్రతిచోటా ఆవిడను నీడక్క అంటారు.

ఆవిడకు కోపం ముక్కుమీదే ఉంటుంది. పాఠశాలలో మొదట మూతులు తుడిచే పనికే చేరింది. తినిపించవలసిన పిల్లకు తినిపించకుండా, చెంచా దాని చేతిలో పెట్టి తను ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుందని పెద్ద టీచరుగారికి ఫిర్యాదు వెళ్ళింది. ఆ టీచరుగారు చివాట్లు పెట్టడానికి వచ్చేసరికి ఆ పిల్ల ముఖమంతా పూసుకుని, బల్లంతా పూసి, ఎలాగైతేనేం చెంచా నోటిదాకా తెచ్చుకుంది. మర్నాడే మా ఆవిడను పని నేర్పే విభాగానికి మార్చారు. అప్పటినుంచి ఇన్నేళ్ళుగా అదే పని. క్యాంటీనతను "ఆ అమ్మాయికి ఏం కావాలట?" అని తనను అడిగితే చాలు, "తినేది నేనా? ఆమెనే అడగండి" అని లేస్తుంది. పక్కనున్న పిల్ల వేలుతో రొట్టె చూపించేదాకా వెనకున్న వరసంతా ఆగాల్సిందే. నేనయితే ఆ వరసలో ఆవిడెవరో తెలియనివాడిలా నిలబడతాను.

నేను పెద్దాసుపత్రి లాండ్రీలో దర్జీని. చిరిగిన దుప్పట్లు, నాడాలు తెగిన రోగుల గౌన్లు నా మిషను దగ్గరికొస్తాయి. ఉతికే యంత్రాలు అవతల హాల్లో ఉంటాయి. మాది మడతల గది. నలుగురు ఆడవాళ్ళు మడతలు పెడతారు, మూలన నేను కుడతాను. గోడలో ఒక చిన్న కిటికీ ఉంది, దానికి తలుపుల్లేవు. నిండిన ట్రేలు అందులోంచి అవతల నడవాలోకి తోస్తారు. ఆ కిటికీ పక్కనే ఒక బల్ల ఖాళీ అయితే, మా మేనేజరమ్మను బతిమాలి బామాలి అక్కడికి ఒక పిల్లను తెచ్చింది మా ఆవిడ.

పిల్ల అంటున్నాను గానీ ఇరవయ్యేళ్ళు నిండాయి. మాటలు లేవు. ఎడమచెయ్యి పిడికిలి బిగుసుకునే ఉంటుంది, తెరుచుకోదు. నడక నెమ్మది. ప్రతి తువ్వాలునూ రెండు వైపులా తిప్పి చూసిగాని మడత మొదలుపెట్టదు. రెండోరోజే మా మడతలవాళ్ళలో పెద్దామె, అందరం పెద్దత్త అంటాం, "ఇన్‌స్పెక్టరమ్మ వచ్చిందర్రా, జాగ్రత్త" అంది. ఆ పేరు నిలిచిపోయింది. బల్లమీద పరవడానికి మందపాటి గుడ్డ ఒకటి తీసుకుని, దానిమీద ఎర్ర దారంతో గీతలు నేనే కుట్టి ఇచ్చాను. తువ్వాలు అంచు గీతకు ఆనించాలి, మోచేత్తో అదిమి పట్టాలి, కుడిచేత్తో మడవాలి, మళ్ళీ మడవాలి, ట్రేలో పెట్టాలి. ఇంతే పని. ఈ కాస్తా రావడానికి చలికాలంలో మొదలుపెడితే ఎండలు ముదిరాయి. మా ఆవిడ ఇంటికొచ్చి నిద్రలో కూడా మంచం అంచుకు దుప్పటి ఆనించి మడిచేది.

ఆ ఏడాదితో పిల్లకు బడి అయిపోతుంది. వయసు దాటినవాళ్ళను ఉంచుకోరు. తల్లి ఒంటరిది, పొద్దున మేడల మెట్లు కడుగుతుంది, మధ్యాహ్నం నుంచి ఒక కొట్లో ఊడుస్తుంది. సెలవుల్లో పిల్లను గదిలో ఉంచి, బయట తాళం వేసుకుని పోవడం తప్ప ఆమెకు దారి లేదు. లాండ్రీలో పని దొరికితే సరే. దొరక్కపోతే ఆ సెలవులు ఇక జన్మంతా. మేనేజరమ్మ చెడ్డది కాదు, కానీ మొహమాటం లేని మనిషి. "ఉద్యోగం ఇస్తే ఆమెకే ఇవ్వాలి, ఆమె వెనక నిలబడే మనిషికి కాదు. శుక్రవారం మీరు గదిలో లేకుండా పూటంతా చెయ్యనివ్వండి, చూస్తాను" అంది.

శుక్రవారం మా ఆవిడ నడవాలో, కిటికీకి అవతల స్టూలు వేసుకుని కూర్చుంది. అక్కణ్ణుంచి తను పిల్లకు కనబడదు. మేనేజరమ్మ రెండు మూడుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. పిల్ల ఎక్కడా తడబడలేదు. మడిచింది, ట్రేలో పెట్టింది, మడిచింది, పెట్టింది. భోజనాల గంటకు మేనేజరమ్మ నా మిషను దగ్గర ఆగి, "మీ ఆవిడకు చెప్పండి, సోమవారం నుంచి పిల్ల ఒక్కతే రావొచ్చు" అంది. నేను ఎగిరి గంతెయ్యడం ఒక్కటే తక్కువ. మా ఆవిడ వెంటనే తల్లికి ఫోను చేసి చెప్పింది. అవతల ఆమె ఏడుపు నాకూ వినబడింది.

మెట్ల కింద కూర్చుని టీ తాగుతున్నాం. సంతోషంలో నాకు నోరు ఊరుకోదు. "పరీక్ష పిల్లకా నీకా? ఒక్కో తువ్వాలుకీ ఊపిరి బిగబట్టి, మడత అవగానే కొలిమి తిత్తిలా హ్హా అని వదులుతావేం? గోడవతలున్న నాకే వినబడుతోంది. పాపం ఆ పిల్ల కూడా నువ్వు వదిలేదాకా ఆగి, అప్పుడు ట్రేలో పెడుతోంది" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. టీ గ్లాసు కింద పెట్టింది. "ఏమన్నారు? మళ్ళీ చెప్పండి."

చెప్పాను. చెబుతుంటేనే నా గొంతు తగ్గిపోయింది, ఎందుకో నాకే తెలియలేదు. ఆవిడ లేచి విసవిసా వెళ్ళి కిటికీ అవతల స్టూలు మీద కూర్చుంది. గంట కొట్టారు, పిల్ల మళ్ళీ బల్ల దగ్గరికొచ్చింది. నేను మిషను తొక్కడం ఆపి చూస్తున్నాను. కిటికీలోంచి మా ఆవిడ మోచెయ్యి ఒక్కటే కనిపిస్తోంది, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల తువ్వాలు తిప్పి చూసింది, గీతకు ఆనించింది, మడిచింది, మళ్ళీ మడిచింది. ఆగింది. తల కొంచెం కిటికీ వైపు వాల్చింది. మడిచిన తువ్వాలు మీద చెయ్యి అలాగే ఉంది. పెద్దత్త తన మడతలు ఆపేసి నావైపు చూసింది. ఎంతసేపని? పిల్ల ముఖం ఎర్రబడుతోంది, పెదవి వణుకుతోంది, చెయ్యి మాత్రం లేవడం లేదు. ఇక పట్టలేక మా ఆవిడ ఊపిరి వదిలింది. ఆ చప్పుడుకు తువ్వాలు ట్రేలో పడింది.

నడవాలోకి వెళ్ళి చూస్తే మా ఆవిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"పరీక్ష అయిపోయింది, మేనేజరమ్మ సరేనంది. నువ్వు నోరు మూసుకుని ఇంటికి పద" అన్నాను.

"సోమవారం నేనుండను కదండీ."

"అలవాటవుతుందిలే."

"అవ్వదు. మొదటి తువ్వాలుకే ఆగిపోతుంది. వీళ్ళు చేతకాదంటారు, వెనక్కి పంపిస్తారు. దానికి చేతనవును! నేనే మధ్యలో నా ఊపిరి కూడా కలిపి నేర్పాను. ఇన్నాళ్ళూ వెనక్కి జరిగాననుకున్నాను, ఎక్కడ జరిగాను?" అంటూనే మేనేజరమ్మ గదివైపు నడిచింది. చెయ్యి పట్టుకోబోయాను, విదిలించుకుంది.

విన్నదంతా విని మేనేజరమ్మ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అంది.

"సోమవారం తెలిసేది మేడమ్. అప్పుడు తప్పు ఆ పిల్లదయ్యేది."

మేనేజరమ్మ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "సరే. ఇవాళ్టిది లెక్కలోకి రాదు. సోమవారం మళ్ళీ పెడదాం. ఈసారి మీరు నడవాలో కాదు, గేటు బయట ఉండాలి. ఆగిపోయిందంటే మాత్రం ఇంక నన్ను అడగొద్దు."

సాయంత్రం తల్లి పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చింది. ముఖం కడుక్కుని, మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. మా ఆవిడ ఏదీ దాచకుండా చెప్పింది. తల్లికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గేటు దగ్గరే, జనంలో, గొంతు లేచింది.

"ఎవరడిగారు టీచరమ్మా మిమ్మల్ని? పని దొరికింది కదా! ఆగితే ఆగేది, ఎవరో ఒకరు తోసేవారు, ఏదో జరిగేది. మీరెళ్ళి చెప్పాలా?"

"అమ్మా, అది కాదు..."

"పోయిన సెలవుల్లో మంచం మీంచి పడింది. నేను వచ్చేదాకా నేలమీదే ఉంది. తాళం తీసి చూసింది నేను, మీరు కాదు. మీ మంచితనం మీ ఇంట్లో ఉంచుకోండి."

మాటకు మాట అప్పజెప్పే మా ఆవిడ ఆ రోజు తల దించుకుని నిలబడింది. చివరికి, "రేపూ ఎల్లుండీ మా ఇంటికి తీసుకురామ్మా" అని మాత్రం అంది. తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. అయినా శనివారం పొద్దున్నే మా గుమ్మంలో ఉంది. ఆమెకు మాత్రం వేరే దిక్కెవరు? లోపలికొచ్చి, మావైపు చూడకుండా గోడవారగా కూర్చుంది.

శనివారం నరకం. తినే బల్లమీద గీతల గుడ్డ పరిచి, లాండ్రీ నుంచి అడిగి తెచ్చిన పాత తువ్వాళ్ళ గుట్ట పెట్టాం. మా ఆవిడ ఊపిరి వదలకూడదు. నోట్లో రుమాలు కుక్కుకుంది, వెనక్కి తిరిగి కూర్చుంది, వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. పిల్ల మడిచేది, ఆగేది, తల వాల్చి వినేది. ఏ చప్పుడూ రాకపోతే మణికట్టు కొరుక్కునేది. ఒకసారి గుట్టంతా నేలమీదికి ఈడ్చి పారేసి, గోడకు తల కొట్టుకోబోయింది. పట్టుకునేసరికి ముగ్గురికీ చెమటలు పట్టాయి. "చాలు టీచరమ్మా, దాన్ని చంపుకు తినకండి" అని తల్లి నోరు విప్పింది. అని, కడుపులోంచి ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. టక్కున పిల్ల వంగి, నేలమీద మడతపడి ఉన్న తువ్వాలు ఒకటి తీసి ట్రేలో పెట్టింది.

మా ఆవిడ అలా చూస్తూ ఉండిపోయింది. "నాదే కానక్కర్లేదన్నమాట. ఎవరిదైనా సరేనన్నమాట" అని గొణిగింది.

ఆదివారం పొద్దున మా ముగ్గురికీ పనులు పంచింది. ఊపిరి మానడం కాదు, ఊరికే వదులుతూ ఉండాలట. మడత మొదట్లో, మధ్యలో, అసలు మడతే లేనప్పుడు కూడా. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు, గట్టిగా. "దేనికీ సంబంధం లేకుండా వినబడుతుంటే దానికి ఇక విలువుండదండీ" అంది. ఇక చూడండి మా ఇంట్లో. నేను చొక్కా గుండీ కుడుతూ హ్హా. ఆవిడ గిన్నెలు సర్దుతూ హ్హా. తల్లికి ప్రయత్నమే అక్కర్లేదు, ఆమె దగ్గర నిట్టూర్పులకు కరువా? పక్కింటామె తలుపు తట్టి, "ఏమైందండీ, ఎవరికైనా బాగాలేదా?" అని అడిగింది. "మాకే" అన్నాను. తల్లి పెదవి మీద మొదటిసారి చిన్న నవ్వు కనిపించి మాయమైంది.

మొదట్లో పిల్ల మా ప్రతి ఊపిరికీ చేతిలో ఏదుంటే అది ట్రేలో పడేసింది, సగం మడిచినవీ, అసలు మడవనివీ. తర్వాత తికమకపడింది. తర్వాత కోపమొచ్చింది. నేను దాని పక్కకు వెళ్ళి ఒకసారి హ్హా అంటే, నన్నొక చూపు చూసి మోచేత్తో డొక్కలో పొడిచింది. సాయంత్రానికి మమ్మల్ని పట్టించుకోవడం మానేసింది. కానీ తనంతట తను ట్రేలో పెట్టిందా అంటే, కొన్ని పెట్టింది, కొన్నింటి దగ్గర ఆగిపోయి వదిలేసింది. అవునని చెప్పలేం, కాదని చెప్పలేం. తల్లి వెళ్తూ వెళ్తూ, "రేపు ఏమవుతుంది టీచరమ్మా?" అంది. "తెలీదమ్మా" అంది మా ఆవిడ. అబద్ధమైనా చెప్పొచ్చు కదా అని నాకు ఒళ్ళు మండింది.

సోమవారం తల్లి పనికి సెలవు పెట్టి వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళూ గేటు బయట బస్సు స్టాపు బెంచీమీద చెరో చివర కూర్చున్నారు. పిల్లను నేనే లోపలికి తీసుకెళ్ళాను. బల్ల దగ్గర వదిలేసి నా మిషను దగ్గరికొచ్చి, అటు వీపు తిప్పి కూర్చున్నాను. పెద్దత్తకు ముందే చెప్పాను, అటు చూడొద్దని. చెప్పిన నేనే ఆగలేక తల తిప్పాను. మేనేజరమ్మ బల్లకు ఇవతల, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

పిల్ల మొదటి తువ్వాలు తీసుకుంది. తిప్పి చూసింది. గీతకు ఆనించింది. మడిచింది, మళ్ళీ మడిచింది. ఆగింది.

గదిలో నలుగురూ ఆగిపోయారు. నా కాలు పెడలు మీద ఉంది గానీ తొక్కడం మరిచిపోయింది. పిల్ల చెయ్యి తువ్వాలు మీదే ఉంది. కిటికీలో ఎవరూ లేరు. మంచం మీంచి పడి, ఆ గదిలో నేలమీదే ఉన్న పిల్ల నా కళ్ళముందు మెదిలింది, తాళం చప్పుడు వినబడినట్టే అయింది. ఒక్క ఊపిరి వదిలితే అయిపోతుంది. ఆ ఊపిరి నా ఛాతీ నిండా ఉంది. పళ్ళు బిగించి పట్టాను.

అప్పుడు మేనేజరమ్మ, ఇక లాభం లేదనుకుందో ఏమో, పెద్దగా నిట్టూర్చింది.

ఇప్పుడు పిల్ల తువ్వాలు పెట్టేస్తుంది, ఆవిడ కళ్ళముందే పెట్టేస్తుంది, అంతటితో అయిపోయింది. కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి చెయ్యి ఇంకా కదల్లేదు. ఆ నిట్టూర్పు తన చెవిన పడనట్టే పిల్ల తువ్వాలు వైపే చూస్తోంది. తర్వాత నెమ్మదిగా పై మడత ఎత్తింది. లోపల ఒక మూల ముడుచుకుపోయి ఉంది. మోచేత్తో నొక్కి, కుడిచేత్తో ఆ మూల లాగి, సాపుచేసి, మడత మళ్ళీ వేసింది. వేసి, ట్రేలో పెట్టింది. రెండో తువ్వాలు తీసుకుంది.

మేనేజరమ్మ ట్రేలో ఉన్నదాన్ని తీసి మూలలు చూసి, యథాస్థానంలో పెట్టింది. చాలాసేపు నిలబడింది. కొన్నిటి దగ్గర పిల్ల ఆగింది, ఆగినంతసేపూ ఆగి, తనే పెట్టింది. గంట కొట్టకముందే మేనేజరమ్మ నా దగ్గరికొచ్చి, "చాలు, చూశాను. రేపు పొద్దున షిఫ్టుకు పంపించమనండి" అంది. నేను లేచి పరుగు తీశాను. మెళ్ళో కొలత టేపు కూడా తియ్యలేదు.

బెంచీ మీద ఇద్దరూ ఒక్కసారే లేచారు.

"ఆగిందా?" అంది మా ఆవిడ.

"ఆగింది."

"తర్వాత?"

"మేనేజరమ్మ నిట్టూర్చింది. గట్టిగా."

మా ఆవిడ ముఖం నల్లబడింది. "పెట్టేసింది కదూ?"

"పెట్టలేదు. వినిపించుకోనే లేదు. మూల ముడుచుకుందని తనే చూసుకుంది. సరిచేసుకుని అప్పుడు పెట్టింది."

ఆవిడ బెంచీమీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. తల్లి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అంటే ఏంటి అన్నయ్యగారూ? మంచా, చెడా? నాకు అర్థమయ్యేటట్టు చెప్పండి."

"పని దొరికిందమ్మా. రేపట్నుంచి పొద్దున షిఫ్టు."

ఆమె అరవలేదు, ఏడవలేదు. ఒక్క అంగలో గేటు వైపు బయలుదేరింది. మా ఆవిడ తడి ముఖంతోనే లేచి వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుంది.

"వద్దమ్మా. మనల్ని చూస్తే పని ఆపేస్తుంది."

"ఒక్కసారి చూసొస్తాను. దూరం నుంచి. నా కూతుర్ని నేను చూసుకోకూడదా?"

"గంట కొట్టాక చూద్దాం. ఇద్దరం వెళ్దాం."

తల్లి చెయ్యి లాక్కోబోయింది, లాక్కోలేదు. గేటులోంచి మా గది వైపు చూసింది. అక్కణ్ణుంచి ఒక గోడ తప్ప ఇంకేమీ కనబడదు. కాసేపటికి వెనక్కి వచ్చి, ఈసారి మా ఆవిడ పక్కనే కూర్చుంది. ఇద్దరూ ఆ గోడనే చూస్తున్నారు. నేను లోపలికి వెళ్ళేసరికి ట్రే నిండింది. పిల్ల దాన్ని ఛాతీతో నెట్టి కిటికీ అవతలికి తోసి, ఖాళీది తన ముందుకు లాక్కుంటోంది.